ఫైలు మార్చిన మేనేజర్

ఏ పాపం తెలియని పెద్దమనిషి మీద నేరం మోపి, ఉన్న ఉద్యోగం ఊడగొట్టుకోబోయిన కథ ఇది. మొహమాటపడకుండా నవ్వండి. మిర్యాలగూడలో సగం మంది ఇప్పటికే నవ్వేశారు.

సూర్యాపేటలో లినక్స్ కోర్సు చేసి, మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లులో కంప్యూటర్లు చూసే పనిలో చేరాను. నడకలో కొంచెం ఠీవి కూడా వచ్చింది. ఇంటర్నెట్‌కు దారి చూపే సర్వర్ నంబరు ఒక ఫైల్లో ఉంటుంది. అది తప్పుగా ఉంటే నా చేత్తో సరిచేశాను. నెట్ వచ్చింది. మర్నాడు కంప్యూటర్ ఆన్ చేస్తే మళ్లీ పాత నంబరే! ఎన్నిసార్లు దిద్దినా అదే తంతు. నెట్ లేనిదే సరుకు వెంట ఉండాల్సిన వే బిల్లు రాదు, వే బిల్లు లేనిదే బియ్యం లారీ కదలదు. మిల్లు ముందు లారీలు పెళ్లివారి బస్సుల్లా బారులు తీరాయి.

"రేపు గూడ గిట్లనే అయితే ఇగ పనికి రాకు," అన్నాడు మిల్లు సేటు.

ఆ ఫైలు మొదటి వరుస అప్పుడు చదివాను. దీన్ని రాసింది నెట్‌వర్క్ మేనేజర్ అని ఇంగ్లీషులో ఉంది. మా మిల్లులో మేనేజర్ ఒక్కరే, యోహాను సార్. పైగా నెట్ పెట్టె ఉండేది ఆయన బల్ల కిందే. ఇంకేం సాక్ష్యం కావాలో మీరే చెప్పండి!

సేటు ముందే నిలదీశాను. "సార్, నా ఫైలు ఎందుకు మారుస్తున్నరు?"

యోహాను సార్ టిఫిన్ డబ్బా మూత పట్టుకుని బిగుసుకుపోయారు. "నేనా? నాకు ఆ కంప్యూటర్ బంద్ చేసుడే రాదు గదయ్యా!"

"మరి మేనేజర్ అని ఎందుకున్నది? సూడండి!"

"దేవుని తోడు సేటూ, నేను ముట్టలే!"

ఆయన్ను పూర్తిగా పట్టించేద్దామని కోదాడలో ఉన్న నా క్లాస్‌మేట్‌కు ఫోన్ చేసి, స్పీకర్ పెట్టి మరీ అడిగాను.

"అది మనిషి కాదురా బాబూ, సాఫ్ట్‌వేర్ పేరు!" అన్నాడు వాడు. "ఆన్ చేసినప్పుడల్లా ఆ ఫైలు అదే తిరగరాస్తుంది. నంబరు దాని సెట్టింగుల్లో మార్చు. క్లాసులో నిద్రపోయావా ఏంది?"

అక్కడ మార్చాను. వే బిల్లులు వచ్చాయి, లారీలు కదిలాయి. సిగ్గుతో చచ్చిపోయి యోహాను సార్ చేతులు పట్టుకున్నాను.

సేటు పొట్ట పట్టుకుని నవ్వాడు. "జీతం లేకుంట పొద్దుగాల్నే పని చేసే మేనేజర్ నా మిల్లుల ఉన్నడని నాకు ఎరుకనే లేకపాయె!"

"జర ఆగు సేటూ," అన్నారు యోహాను సార్ కంగారుగా. "నా సీటు మాత్రం ఆయనకు ఇయ్యకు."

అందుకే చేతిలో కీబోర్డు పట్టుకుని ప్రమాణం చేశాను: తెర మీద ఏ హోదా కనిపించినా, ఆ హోదా ఉన్న మనిషి జోలికి జన్మలో పోను. మొన్న ప్రింటర్‌కు డ్రైవర్ లేడని కంప్యూటర్ మొత్తుకుంది. గేటు బయట బీడీ కాలుస్తున్న లారీ డ్రైవర్‌ను కన్నెత్తి కూడా చూడలేదు.