పత్తి గదిలో చదివిన లెక్కల పుస్తకం

"అమ్మాయ్, ఈ ఫోన్లో పుస్తకాలు చదువుతున్నారే!"

మాచర్ల నుంచి బాబాయి ఫోను. పలకరింపు లేదు, పాడు లేదు.

"ఎవరు బాబాయ్?"

"ఎవరో. ముందు పుస్తకం పేరు చెప్తారు, చదువుతారు, పోతారు. పైసా అడగరు. మా అమ్మాయి పెట్టిచ్చింది. పొద్దున్నుంచి ఒక రాజుగారి కథ వింటన్నా. చదివేవాడికి జలుబు చేసింది పాపం, అయినా ఆపలా."

ఆయన నా సొంత బాబాయి కాదు. గురజాల దగ్గర మా పుట్టింటి పక్కన కుట్టుమిషను పెట్టుకున్న సాయిబు. నేను ఏడో తరగతితో బడి మానేశాక, ఆ మిషను పక్కన గోనెపట్టా మీద కూర్చునే నాలుగు లెక్కలు నేర్చుకున్నాను. ఇవాళ మా ఊళ్ళో ఎవరికి పొలం హద్దు తేలకపోయినా, బావి ఒరకి ఇటుకలెన్ని పడతాయో కావాల్సినా నా దగ్గరికి వస్తారు. ఆ విద్య అంతా ఆ గోనెపట్టా మీదిదే.

మిషను సొరుగులో బాబాయికి ఒక పాత లెక్కల పుస్తకం ఉండేది. అట్ట లేదు, పేరు లేదు. అణాలు, వీశెలు, కుంచాలు, గడియలు. ఆయన అందులోంచి ఒక లెక్క చదివి, చొక్కాకి బొత్తాం కుట్టడం మొదలుపెట్టేవాడు. నాలుగు చిల్లుల్లో సూది తిప్పి, కింద దారం చుట్టి, ముడి వేసి, పళ్ళతో పుటుక్కున తెంపేలోపు నేను జవాబు చెప్పాలి. తెంపాక చెబితే తప్పు కిందే లెక్క. "బొత్తాం ఊడిందే" అనేవాడు.

ఆ పుస్తకం తొంభై ఆరో పేజీలో ఆగిపోయేది. అదీ ఒక లెక్క నడుమ. ఒక తొట్టిని మొదటి కాలువ ఎనిమిది గడియల్లో నింపుతుంది, రెండో కాలువ పన్నెండు గడియల్లో నింపుతుంది, అడుగునున్న తూము తెరచినచో... అంతే. తరవాతి పేజీ లేదు. ఆ తూము ఎంత నీటిని లాగేస్తుందో, అసలు వాళ్ళు అడిగిందేమిటో మాకు తెలియదు. అందుకని మేమే తలా ఒక ముగింపు కట్టేవాళ్ళం. ఒకరోజు తూము ఇరవై గడియల్లో తొట్టిని ఖాళీ చేసేది. ఇంకోరోజు కాలువల్లో ఒకటి నడిమిట్లో పూడిపోయేది. బేరాలు లేక బాబాయి చిరాగ్గా ఉన్నరోజు మాత్రం తూముదే గెలుపు. "ఇది ఎప్పటికీ నిండదే" అని మిషను మూసేసేవాడు.

తరవాత నాకు పెళ్ళయింది. బాబాయికి నీటికాసులు వచ్చి చూపు పూర్తిగా పోయింది. కూతురు మాచర్ల తీసుకుపోయింది. ఆ ఇల్లు మారడంలో పుస్తకం ఏమైందో ఎవరికీ తెలియదు.

"అన్నీ చదివారు గానీ అమ్మాయ్, లెక్కల పుస్తకం మాత్రం ఎవరూ చదవలా" అన్నాడు ఫోన్లో.

"లెక్కలు ఎవరు వింటారు బాబాయ్?"

"నువ్వు విన్లా?"

ఆ మధ్యాహ్నమే ఫోను పట్టుకుని వెతకడం మొదలుపెట్టాను. పాత తెలుగు పుస్తకాల్ని పేజీ పేజీ ఫోటో తీసి అందరూ చదువుకునేలా ఊరికే పెట్టిన చోటు ఒకటి దొరికింది. లోపలికి పోతే కళ్ళు తిరిగాయి. వైద్యం, వంట, వ్యవసాయం, యాత్రలు, ఎప్పుడో అచ్చయి ఎవరి అటక మీదో చెదలు పట్టాల్సినవన్నీ నా అరచేతిలోకి వచ్చి కూర్చున్నాయి. గురజాల దాటి పుస్తకాల కొట్టు మొహం చూడని దాన్ని నేను. అడ్డుకునే తలుపు లేదు, అడిగే మనిషి లేడు. ఏం చెయ్యాలో తోచక కాసేపు ఊరికే పేర్లు చదువుతూ కూర్చున్నాను.

లెక్కల పుస్తకాలే చాలా ఉన్నాయి. మాది పేరు తెలియని పుస్తకం, ఎలా పట్టుకోవడం? మొదటి పేజీలన్నీ ఒకేలా ఉన్నాయి. అప్పుడు తట్టింది. మొదటి పేజీతో నాకేం పని? నాకు తెలిసింది ఆఖరి పేజీ. ప్రతి పుస్తకంలోనూ నేరుగా తొంభై ఆరుకి పోవడం, తూము కనపడకపోతే మూసేయడం. వెతుకుతుంటే ఇంకో సంగతీ అర్థమైంది. పదహారు పేజీలు ఒక మడతగా కుడతారు పుస్తకాన్ని. ఆరు మడతలైతే తొంభై ఆరు. మా పుస్తకం చిరిగిపోలేదన్నమాట, అక్కడికి కుట్టు ఊడింది. దర్జీ ఇంట్లో కుట్టూడిన పుస్తకం!

రెండో రోజు సాయంత్రం దొరికింది. అవే అక్షరాలు, అదే తొట్టి, "తూము తెరచినచో". వేలు పెట్టి పేజీ జరిపాను. తొంభై ఏడు. చదివాను. వంటింట్లో నిలబడి పైకే నవ్వేశాను.

వెంటనే బాబాయికి చేశాను. "దొరికింది! తొట్టి లెక్క..."

"చెప్పమాకు!" ఆ అరుపుకి ఫోను చెవి నుంచి తీసేశాను. "ఒక్క ముక్క చెప్పావంటే ఊరుకోను. మొదటి పేజీ నుంచి వరసగా చదువు. వరసలో ఆ తొట్టి వచ్చినప్పుడు నేను కడతా. ఇంకోటి విను. నా ఒక్కడికే చదివి పంపమాకు. ఆ జలుబు మనిషి నా ఒక్కడికే చదివాడా? అందరూ వినే చోట పెట్టు."

సరేనన్నాను. అంత తేలిక కాదని తరవాత తెలిసింది. ఊరికే చదివి పెట్టేవాళ్ళ బృందానికి రాశాను. ముందు పుస్తకం ఎవరి సొత్తూ కాదని చూపించమన్నారు. రాసినాయన పోయి అరవై ఏళ్ళు దాటితే మన దేశంలో పుస్తకం అందరిదీ అవుతుందట. ఆ అరవై కూడా ఆయన పోయిన రోజు నుంచి కాదు, తరవాతి జనవరి ఒకటి నుంచి లెక్క. ఆ నియమం నాకు బాగా నచ్చింది, మొదలు ఎక్కడో స్పష్టంగా చెప్పిన లెక్క అది. రాసినాయన పోయిన సంవత్సరం, ఆయన తదనంతరం అచ్చయిన ఆయనదే ఇంకో పుస్తకం ముందుమాటలో దొరికింది. ఎన్నోసార్లు తీసివేసి చూసుకున్నాను. ఎలా చూసినా పుస్తకం మనదే.

ఇక చదవడం. హాల్లో చదివితే బోరు మోటారు హోరు. వెనక వసారాలో చదివితే పిడుగురాళ్ల వైపు పోయే రాళ్ళ లారీల హారన్లు. లోపలి గదిలో తలుపేసుకుంటే అక్కడ మిరపకాయల మూట. "ఒక వీశెకు..." అనగానే తుమ్ము, "నలుబది పలములు" అనగానే ఇంకో తుమ్ము. నేను పంపినవి విని సరిచూసే ఆవిడ ఏదో నగరంలో ఉంటుంది. మర్యాదగానే రాసింది. గొంతు బాగుంది గానీ గది మోగుతోంది, వెనక హోరు ఉంది, తీసుకోలేం అని.

కోడి పత్తిగదిలో గుడ్డు పెట్టిందేమోనని వెళ్ళిన రోజు నా రాత మారింది. ఆ ఏడు తీసిన పత్తి ఆ గదిలో దూలం దాకా ఎక్కి ఉంది. ధర పెరుగుతుందని మా ఆయన అమ్మకుండా ఆపాడు. కోడిని "పో" అన్నాను. నా మాట నాకే కొత్తగా వినపడింది. గోడ నుంచి తిరిగి రాలేదు, బయటి లారీ కూడా లోపలికి రాలేదు. మాట నోట్లోంచి వచ్చి నేరుగా పత్తిలోకి పోయింది.

కుప్పలో మనిషి పట్టేంత గొయ్యి చేసుకుని ఫోను పట్టుకుని కూర్చున్నాను. ఒళ్ళంతా దురద, ఫ్యాను లేదు. అయినా ఆ ముక్క పంపితే నగరంలో ఆవిడ నుంచి వెంటనే జవాబు: "ఏ స్టూడియోలో చేశారండీ?"

మా ఆయన తలుపు తీసి చూశాడు. "ఏమే, పత్తిలో కూర్చుని ఎవరితో మాట్టాడతన్నావు?"

"లెక్కలు చదువుతన్నా."

"పత్తికా?"

"పత్తి వింటది గదా, ఎదురు మాట్టాడదు."

"బాగానే ఉంది. ధర రాగానే బండెక్కిస్తా, తరవాత గోడలకి చెప్పుకో."

అప్పుడు తెలిసింది నాకున్న గడువు. ఊళ్ళో అందరూ పత్తి ధర పెరగాలని కోరుకుంటుంటే, పుస్తకం అయ్యేదాకా పెరగకూడదని కోరుకున్నది నేనొక్కదాన్నే. రోజూ పొద్దున వంట కాగానే గదిలోకి పోయేదాన్ని.

మొదటి భాగాలు బాబాయికి కూతురు వినిపించింది. ఫోనొచ్చింది. "ఏందే ఇది? లెక్క అడిగి ఊపిరి పీల్చుకోనివ్వకుండా జవాబు చెప్తావా? బొత్తాం ఏదీ?"

నిజమే. కంటితో చదివేవాడు జవాబు మీద చెయ్యి పెట్టుకుని ఆగొచ్చు. చెవితో వినేవాడికి ఆ చెయ్యి లేదు. ఆ చెయ్యి నేనే అవ్వాలి. చేసినవన్నీ మళ్ళీ చదివాను. ప్రతి లెక్కకీ జవాబుకీ మధ్య, ఒక పాత చొక్కాకి నిజంగానే బొత్తాం కుట్టాను. కుట్టడం, దారం పుటుక్కున తెంపడం, జవాబు చదవడం.

నగరంలో ఆవిడ గాభరా పడింది. ప్రతి లెక్క తరవాతా ఇంత నిశ్శబ్దమేమిటి, విన్నవాళ్ళు ఆగిపోయిందనుకుంటారు, కత్తిరిస్తాను అంది. అది ఖాళీ కాదని, ఆ చోటు వినేవాళ్ళదని, అది తీసేస్తే మిగిలేది లెక్కల పుస్తకం కాదు జవాబుల జాబితా అని రాశాను. మూడోరోజు ఒక్క వాక్యం వచ్చింది: "నేను కూడా కట్టి చూశాను, ఒకటి తప్పింది, మీ బొత్తాలు ఉంచుతున్నాం." ఆ రోజు నేను ఇంట్లో నడిచిన తీరు చూసి మా ఆయన ఏం పండగని అడిగాడు.

తొంభై పేజీలు దాటాను. ఆ పొద్దునే ఇంటి ముందు లారీ ఆగింది. ధర వచ్చింది.

"ఇవాళొక్కరోజు ఆపయ్యా" అన్నాను.

"బేరగాడు ఆగుతాడా? రేపటికి ధర దిగితే నీ లెక్కలు తెచ్చిపెడతయ్యా?"

"అయితే వాకిలి వైపు నుంచి ఎత్తించు. నేను వెనకగోడ దగ్గర కూర్చుంటా. ఆఖరి గోతం నిండేదాకా నా వైపు రావద్దని చెప్పు. చదివేటప్పుడు కాసేపు గొంతులు ఆపమను."

ఆయన నా మొహంకేసి చూశాడు. హమాలీల వైపు తిరిగి, "ఒరేయ్, ఆమె చెయ్యి ఎత్తితే ఎవరూ నోరెత్తమాకండి" అన్నాడు.

"ఏందయ్యా, పూజా?" అన్నాడొక హమాలీ.

"అంతకంటే పెద్దది. లెక్కలు."

అలా నడిచింది ఆ పగలంతా. కుప్ప కరుగుతోంది, నేను చదువుతున్నాను. చెయ్యెత్తితే పని ఆగుతుంది, దించితే గోతాలు నిండుతాయి. గది మెల్లగా ఖాళీ అవుతుంటే నా గొంతు పల్చబడటం నాకే తెలుస్తోంది. తొంభై ఆరో పేజీకి వచ్చేసరికి నా చుట్టూ మిగిలింది ఒక గోడవారన నడుమెత్తు పత్తి. చెయ్యెత్తాను. హమాలీలు గోతాల మీదే కూలబడ్డారు. మా ఆయన గుమ్మానికి ఆనుకుని నిలబడ్డాడు.

చదివాను. మొదటి కాలువ ఎనిమిది గడియల్లో నింపును. రెండవది పన్నెండు గడియల్లో నింపును. అడుగునున్న తూము తెరచినచో, నిండిన తొట్టి పన్నెండు గడియల్లో ఖాళీ అగును. మూడింటినీ ఒక్కసారి తెరచిన, తొట్టి ఎన్ని గడియలకు నిండును?

సూది అందుకున్నాను. ఒక చిల్లులోంచి పైకి, ఇంకో చిల్లులోంచి కిందికి. రెండో కుట్టు పూర్తయిందో లేదో, గుమ్మం దగ్గర్నుంచి, "ఎనిమిదేగా!"

మా ఆయన. పెళ్ళయిన నాటి నుంచీ ఎరువు బస్తాల లెక్క కూడా నా చేతే కట్టించుకున్న మనిషి. అన్నాక నాలిక కరుచుకుని చేత్తో నోరు మూసుకున్నాడు. హమాలీలు గోతాల్లో మొహాలు దాచుకుని నవ్వు ఆపుకుంటున్నారు. నేను బొత్తాం పూర్తిచేసి, దారం తెంపి, జవాబు చదివాను. ఎనిమిది గడియలు. రెండో కాలువ పోసిందంతా తూము పట్టుకుపోతుంది, మిగిలేది మొదటి కాలువే. కట్టడానికేమీ లేదు, చూడటమే ఉంది.

మళ్ళీ చదువుదామంటే పత్తి లేదు. ఆ ముక్క అలాగే పంపాను. మిగతా పేజీల్ని తరవాత, పక్కింటి పిన్ని వాళ్ళ పత్తిగదిలో, వాళ్ళ కోళ్ళ మధ్య పూర్తిచేశాను. తలుపు తీయమని అడగ్గానే ఆవిడ, "రావే తల్లీ, మీ ఆయన్ని మాత్రం తీసుకురామాకు" అంది.

నగరంలో ఆవిడ రాసింది, మధ్యలో ఎవరో మగగొంతు జవాబు ముందే చెప్పేసింది, తీసేయమంటారా అని. బాబాయి విన్నాక చెప్తానన్నాను.

ఆ భాగం విన్న సాయంత్రం ఆయనే చేశాడు. ఎత్తగానే ఒకటే నవ్వు. "ఇంతేనటే! ఆ తూము మనల్ని ఇన్నేళ్ళు ఆడించిందే!" అన్నాడు. తరవాత గొంతు మారింది. "వాడెవడు? నేను నోరు తెరిచేలోపు ఎనిమిదన్నాడు?"

"మా ఆయన బాబాయ్. తీయించేస్తాను."

"ఎందుకు? గెలిచినవాణ్ణి తీసేస్తారా? ఉంచు. ఒక్కసారి ఫోను ఆయనకియ్యి."

ఇచ్చాను. అవతల ఏమన్నాడో నాకు వినపడలేదు. మా ఆయన మాత్రం వసారాలో నిటారుగా నిలబడి, "అబ్బే, ఊరికే తట్టింది బాబాయ్" అంటున్నాడు, మొహం వెలిగిపోతూ.

పుస్తకం ఇప్పుడు అందరూ వినే చోట ఉంది. ఎవరైనా ఊరికే వినొచ్చు. తొట్టి లెక్క దగ్గర కాస్త జాగ్రత్త. బొత్తాం పూర్తయ్యేలోపు మీరే చెప్పాలనుకుంటే, మా ఆయన కంటే ముందు చెప్పాలి.