బీపీ లేని పేట

నరసాపురం అవతల ఒక మత్స్యకార పేటలో ఎవరికీ బీపీ గానీ షుగర్ గానీ లేవని, మా పరిశోధనకు నిధులిచ్చే సంస్థకు పోయినేడాది నివేదిక వెళ్లింది. అది తప్పు. రాసింది నేనే. దాన్ని నమ్మి వాళ్లు నర్సునూ మందులనూ వేరే ఊళ్లకు కేటాయించారు. రెండో విడత దరఖాస్తుకు శుక్రవారం గడువు. అందుకని బుధవారం ఉదయం ఆరింటికి రాజమండ్రిలో బస్సెక్కాను.

కడియం దగ్గర రెండు మామిడి అంటుమొక్కలు ఒళ్లో పెట్టుకుని ఒకాయన నా పక్కన కూర్చున్నారు. సంచిలో బీపీ మిషన్ చూసి, "కాస్త మన కండక్టర్ గారికి పెట్టండి. చిల్లర లేదంటే చాలు, ఆయనకి బీపీ వచ్చేస్తుంది" అన్నారు. బస్సంతా నవ్వింది. నేను నవ్వలేకపోయాను. పోయినేడాది నేను పట్టుకోలేకపోయింది ఆ మాటనే.

తొమ్మిదింటికి పాలకొల్లు. వెళ్లేవాళ్లు టిఫిను అక్కడే కానివ్వండి, ఆ తర్వాత టీ తప్ప దొరకదు. నరసాపురం దాకా బస్సు, అక్కడినుంచి షేర్ ఆటో. పేట చేరేసరికి పదకొండు.

పోయినేడాది మాకు మిషన్లు రాకముందే కాగితం పట్టుకుని ఇల్లిల్లూ తిరిగాను. "బీపీ ఉందా?" అంటే, "నాకెందుకుంటుందండి, ఎవర్నీ ఒక్క మాటనను" అన్నారు. "షుగర్?" అంటే, "మా ఇంట్లో బెల్లమేనండి" అన్నారు. రెండింటికీ 'లేదు' అని రాసుకున్నాను. బీపీ ఉందని అందరూ వేలెత్తి చూపించింది నూకరాజునొక్కడినే. వల బాగుచేసుకుంటూ కాకుల్ని కూడా తిట్టే మనిషి. అతన్నొక్కణ్ణి లెక్కలోకి తీసుకోనక్కర్లేదనుకున్నాను.

ఈసారి మొదట పేట పెద్ద సింహాద్రి గారి చేతికి పట్టీ చుట్టాను. నూట తొంభై చూపించింది.

"నాకు బీపీ ఏంటండి? నా జన్మలో గొంతు పెంచి ఎరగను!" అని ఆయన పెట్టిన కేకకు అరుగు కింది మేకలు లేచి పరిగెత్తాయి.

నూకరాజుది నూట ఇరవై, ఎనభై. అతని భార్య అంకెల్ని రెండుసార్లు చదివించుకుంది.

"అంటే ఇన్నాళ్లూ జబ్బు కాదన్నమాట. కావాలనే అరుస్తున్నావా?"

నూకరాజు తల వంచుకుని వల తీసుకున్నాడు.

వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగర్ కూడా చూశాను. బెల్లం ఇళ్లవాళ్లకే ఎక్కువగా వచ్చింది. చాలామందికి ఆసుపత్రికి చీటీలు రాసిచ్చాను.

చివరగా ఎండుచేపలమ్మే సత్యవతమ్మ ఇంటికి వెళ్లాను. వేసవిలో ఆమెకు కుడి కాలూ చెయ్యీ పడిపోయాయి. ఆ కబురు విన్నాకే నా నివేదిక మీద నాకు అనుమానం వచ్చింది. నా పాత కాగితంలో ఆమె పేరు ఎదుట 'లేదు' అని నా దస్తూరీయే ఉంది. అది చూపించి, తప్పు నాదేనమ్మా అన్నాను. ఆమె కాగితం వైపు చూడలేదు. ఎడమ చెయ్యి చాపింది.

"ఈసారి అడక్కండి బాబూ. చూడండి."

నాలుగింటి బస్సులో కూర్చుని నిధులిచ్చే సంస్థకు ఫోన్లోనే ఉత్తరం రాసి, కొలతలు జతచేసి పంపాను: "నేనడిగింది జబ్బు గురించి. వాళ్లు చెప్పింది కోపం గురించి. ఆ తేడా తెలియకుండా 'లేదు' అని రాసినవాణ్ణి నేను."

సిద్ధాంతం వంతెన మీద, పొద్దున్నటి కండక్టరే చిల్లర కోసం ఎవరిమీదో విరుచుకుపడుతున్నారు. నేను లేచి సంచి విప్పాను. ఏమీ అడగలేదు, చెయ్యి చాపమన్నాను.