మావయ్యగారి వాయునొప్పి

ఈ ఉదయం ఆగిరిపల్లి తోటలో మామిడికాయలు కోయిస్తూ మా మావయ్యగారు రొమ్ము పట్టుకుని కూలబడ్డారు. ఒళ్లంతా చెమటలు.

"వాయునొప్పమ్మా. నాలుగడుగులు నడిస్తే తగ్గిపోద్ది," అంటూ లేవబోయారు.

మా నాన్న కూడా ఇదే మాట అని, వీధి చివరిదాకా నడిచి పడిపోయారు, మళ్లీ లేవలేదు. ఏనాడూ ఎదురుచెప్పని నేను మావయ్యగారి భుజాలు గట్టిగా పట్టి ఆపాను.

"అడుగేస్తే నామీద ఒట్టే, మావయ్యగారూ!"

తోటలోని కాపలా మంచం మీద పడుకోబెట్టి, కాయలు కోసే కూలీల చేత మంచంతో సహా ఎడ్లబండి ఎక్కించి, నూజివీడు ఆసుపత్రికి చేర్చేదాకా ఆయన ఊపిరినే చూస్తూ కూర్చున్నాను.

గుండెకు రక్తం అందించే నాళం పూడుకుందని, నడవనివ్వకపోవడమే మేలైందని డాక్టరుగారన్నారు. సాయంత్రానికి నొప్పి తగ్గింది.

నెలరోజులు మంచం దిగకూడదట. ఆయనేమో అప్పుడే చెప్పులు అడుగుతున్నారు. ఇలాంటి మనిషిని మీరైతే ఎలా పడుకోబెడతారండీ?