భిక్షం ఫొటోకు దండ

ఏడవడంలో రాజమ్మను మించినవాళ్లు లేరని ఫిల్మ్‌నగర్ బస్తీలో ఎవరినడిగినా చెబుతారు. ఇరవై రెండేళ్లుగా జూనియర్ ఆర్టిస్టు. శవం పక్కన కూర్చుని గుండెలు బాదుకునే వేషం ఉందంటే మేనేజర్ల ఫోను ముందు ఆమెకే వస్తుంది. గ్లిజరిన్ అక్కర్లేదు మహాతల్లికి. సాయంత్రం ఇంటికొచ్చి అన్నం కలుపుకుంటూ, "ఇయ్యాల మూడు చావులు" అని మొగుడితో నవ్వుతూ చెప్పేది.

ఆ మొగుడు భిక్షం. సెట్లకు రంగులేసీ వేసీ ఊపిరితిత్తులు పాడుచేసుకుని ఇంటిపట్టున కూర్చున్నాడు. ఆయన గొప్ప చెప్పుకునేది ఒక్కటే. ఓటు వచ్చిన నాటి నుంచి ఒక్క ఎన్నికా తప్పలేదు. జ్వరంతో వణుకుతూ వెళ్లి వేసొచ్చిన రోజులున్నాయి.

సినిమావాళ్లకు ఒక పట్టింపు ఉంది. తెరమీద ఎవరైనా చచ్చిపోతే, ప్యాకప్ చెప్పేలోగా ఆ మనిషి కెమెరా వంక చూసి నవ్వాలి. ఆ నవ్వు తీసి, దిష్టి తీశాకే ఇంటికి పంపుతారు. నవ్వకుండా వెళ్లినవాడి చావు వాడి వెంటే ఇంటికొస్తుందని రాజమ్మ నమ్మకం. నమ్మకమంటే ఆషామాషీది కాదు. ఒకసారి ఓ ముసలి ఆర్టిస్టు నవ్వడం మరిచి బస్సెక్కేస్తే, చెప్పులు కూడా లేకుండా పరిగెత్తి దింపుకొచ్చింది.

ఎంపీ ఎన్నికలకు మూడు వారాల ముందు స్ఫూర్తి ఫోన్ చేసింది. భీమవరం పిల్ల, జూబ్లీహిల్స్‌లో ప్రకటనలు తీసే ఆఫీసులో పని.

"రాజమ్మగారూ, పార్టీ యాడ్ అండీ. కష్టాల్లో ఉన్న ఇల్లాలి వేషం. గోడకి తగిలించడానికి మీ ఇంట్లో ఫొటో ఏదైనా ఉంటే తీసుకురండి, సహజంగా ఉంటుంది."

యాదగిరిగుట్ట వెళ్లినప్పుడు తీయించుకున్న భిక్షం ఫొటో పట్టుకెళ్లింది. అది గోడకు మామూలుగా వేలాడుతుంటే, దాని ముందు నిలబడి "మమ్ముల ఎవ్వరు పట్టించుకోలే" అని ఏడ్చింది. అంతే షాటు. ఫొటో సంచిలో వేసుకుని ఇంటికొచ్చింది.

పది రోజుల తర్వాత కూరగాయలు కొనుక్కుని వస్తుంటే షేక్‌పేట ఫ్లైఓవర్ కింద ప్రచారం వ్యాను కనబడింది. తెరమీద తనే. నుదుట బొట్టు లేదు. వెనక భిక్షం ఫొటో, దానికి బంతిపూల దండ, పక్కన దీపం. అప్పులపాలై ప్రాణం తీసుకున్న రైతు భార్య అని కింద పెద్దక్షరాలు. ఊరికూరికే ఏడ్చే మనిషికి ఆ పూట చుక్క కన్నీరు రాలేదు. చేతిలో సంచి ఎక్కడ జారవిడిచిందో కూడా తెలీదు.

మర్నాడు పొద్దున్నే ఇంటికి తాళం వేసి, ఆయాసపడుతున్న భిక్షాన్ని ఆటో ఎక్కించి స్ఫూర్తి ముందు నిలబెట్టింది.

"గీన బతికే ఉన్నడు బిడ్డా. సూడు. ఆ యాడ్ తీసెయ్యి. లేకుంటే గీన నవ్వన్న తీసి దాని ఎన్క పెట్టు."

స్ఫూర్తి మొహం పాలిపోయింది. "దండ ఎడిటింగ్‌లో వేశారండీ, నాక్కూడా చెప్పలేదు. తీసేయాలంటే డబ్బు పెట్టినవాళ్లు చెప్పాలి."

"పార్టీయే గద పెట్టింది?"

"కాదండీ. అభిమానుల సంఘం పేరుతో వచ్చింది. పార్టీ ఖర్చులో చూపించరు."

పార్టీ ఆఫీసుకు వెళ్లారు. అక్కడి తెల్లచొక్కా ఆయన భిక్షం వంక చూడనైనా చూడలేదు. "మేం ఒక్క రూపాయి పెట్టలేదమ్మా, మాకేం సంబంధం లే" అనేశాడు. ఆ మాట అంటున్నప్పుడు అదే వ్యాను అదే ఆఫీసు గేటు లోపల డీజిలు పోయించుకుంటోంది. సిగ్గనేది ఉండాలి మనిషికి. మరో రెండు రోజులు అలాగే తాళం వేసి, ఆయన్ని వెంటబెట్టుకుని ఎక్కే గుమ్మం దిగే గుమ్మంగా తిరిగింది.

మూడోనాడు టోలిచౌకిలో ఇంకో వ్యాను ఎదురైంది. అవతలి పార్టీది. తెరమీద అదే రాజమ్మ, అదే ఏడుపు, అదే దండ. మొదటి పార్టీ పాలన వల్లే ఈ రైతు పోయాడని ఇందులో గొంతు చెబుతోంది. రాజమ్మ స్ఫూర్తికి ఫోన్ చేసింది.

స్ఫూర్తి గొంతు తగ్గించింది. "నేనన్నానని ఎవరికీ చెప్పకండి. రెండింటికీ డబ్బు పెట్టింది ఒకే కంపెనీ అండీ. బిల్లులు చూశాను."

ఒకరినొకరు తిట్టుకునే ఇద్దరికీ తన మొగుణ్ణి చంపి ఇచ్చింది ఒకే చెయ్యి. ఆ రోజు నుంచి భిక్షం దగ్గినప్పుడల్లా ఆమె ఉలిక్కిపడేది.

పోలింగు రోజు వచ్చింది. భిక్షానికి ఓటరు స్లిప్పు అందలేదు. అయినా కార్డు ఉందిగా అని ఇస్త్రీ చొక్కా వేసుకుని, బస్తీ బడిలో మగవాళ్ల వరుసలో నిలబడ్డాడు. పక్క వరుసలో రాజమ్మ. లోపల అధికారి కాగితాలు అటూ ఇటూ తిప్పి తలెత్తాడు.

"పెద్దాయనా, నువ్వు చనిపోయినట్టు రాసుంది గీడ."

స్లిప్పులు పంచేవాళ్లు వచ్చినప్పుడు ఇంటికి తాళం. గల్లీలో ఎవరినో అడిగితే, ఆయన పోయిండు గద, వ్యాన్ల చూపిస్తలేరా అన్నారట. వాళ్లు రాసుకుపోయారు. భిక్షం బల్ల అంచు పట్టుకున్నాడు.

"ఓటు వెయ్యొచ్చు, ఫికర్ లేదు. గిట్ల ఉన్నోళ్లవి వేలిముద్ర, ఫొటో తీసుకోవాలె. గోడకు నిలబడు."

భిక్షం గోడకు ఆనుకుని నిలబడ్డాడు. అధికారి కెమెరా ఎత్తాడు. గుమ్మం దగ్గర నుంచి రాజమ్మ గొంతు సన్నగా వినిపించింది.

"నవ్వయ్యా. జర నవ్వు. నీ కాళ్లు మొక్కుత."

ఆయన పెదవులు కదిలాయి. నవ్వు రాలేదు. అధికారి నొక్కేశాడు.

ఇంకొక్కటి తియ్యమని రాజమ్మ చేతులు జోడించి బతిమాలింది. ఒక్కటి చాలన్నాడు అధికారి.