ఒకే మోడల్, ఆరు కత్తులు

గత శుక్రవారం మధ్యాహ్నం ప్రొద్దుటూరు నుంచి వచ్చిన వాయిస్ మెసేజ్‌తో మా ఉస్తాద్ కన్నుమూశారని తెలిసింది. ఆయన ఉద్యోగం మానుకొని ఆ ఊళ్లోని తన ఇంటికి వెళ్లి ఏడాది కూడా కాలేదు. దుబాయ్ జెబెల్ అలీలోని మా క్యాటరింగ్ వంటశాలలో కత్తులన్నిటికీ సాన పట్టిన మనిషి ఆయన. నేను అక్కడ స్టోర్ కీపర్‌ని.

నూరిన పదునును ఉల్లిపొర మీద పరీక్షించేవారు. కత్తి ఇచ్చేటప్పుడు వెన్ను పట్టుకొని, పిడిని ఎదుటివారి వైపు తిప్పేవారు. వారి పట్టు కుదిరాకే వదిలేవారు. ఆ కొద్ది క్షణాల్లో ఆయన వారి చేతిని అంచనా వేసేవారని నాకు ఆలస్యంగా అర్థమైంది.

2022లో ఆయన మాట మీద మా ముదీర్, అంటే మేనేజరు, జపాన్‌లో చేత్తో చేసిన కత్తులు ఆరు తెప్పించారు. పెట్టెలన్నిటి మీదా మోడల్ ఒకటే. కొలవడం నాకెవరూ నేర్పలేదు. మందం కొలిచే వెర్నియర్ వాడకం వీడియోలు చూసి నేర్చుకున్నాను. అందుకే దాని మీద నమ్మకం మరీ ఎక్కువ. ఐదు గడులు గీశాను: పొడవు, బరువు, పిడి దగ్గర మందం, మొన దగ్గర మందం, వాదర వంపు. ఏ రెండు కత్తులూ కలవలేదు. బరువులోనే పద్దెనిమిది గ్రాముల తేడా. ఒకదాని మీద సుత్తి దెబ్బల గుర్తులు దట్టంగా, మరొకదాని మీద పలచగా ఉన్నాయి. ‘లోపమున్న సరుకు, వాపసు’ అని ఫారం నింపి ముదీర్‌కు పంపాను.

ముదీర్ ఉస్తాద్‌ను పిలిచారు. కత్తులు వాపసు పోతే సాన బల్ల కూడా తీసేస్తానని, నూరే పని యంత్రాలున్న కంపెనీకి అప్పగించి ఆయన వీసా క్యాన్సిల్ చేస్తానని చెప్పారు. నా ఫారం అంత దూరం పోతుందని నేను ఊహించలేదు.

ఉస్తాద్ నేరుగా స్టోర్‌కు వచ్చారు. ముఖంలో కోపం లేదు.

“ఏమప్పా, అన్నీ కొలిచినావు. ఒక్క కీరకాయన్నా కోసి చూసినావా?”

“లేదు ఉస్తాద్. మోడల్ ఒక్కటే అయినప్పుడు తూకం గూడ ఒక్కటే ఉండాలె గదా?”

“నీకు తమ్ముడున్నాడు గదా. ఇద్దరికీ అమ్మ ఒకతే. వాని చెప్పులు నీకు పడతాయా?”

ఆయన కత్తుల పెట్టెలు అందుకున్నారు.

“అన్నీ ఒకటేనని పెట్టె మీది కాగితం చెప్తాది. చేతిని గూడా అడుగుదాం, పా.”

ఆరు కత్తులనూ తడిగుడ్డ మీద పరిచి, ఆరుగురు వంటవాళ్లను పిలిచి, ఒక్కొక్కరితో అన్ని కత్తులతోనూ కీరదోస కోయించారు. పిడుల అడుగున నేను అంటించిన నంబర్లు వాళ్లకు కనిపించవు. మరునాడు వరుస మార్చి మళ్లీ కోయించారు. ఐదుగురు ముందురోజు కత్తినే ఎంచుకున్నారు. ఒకరు మాత్రం మనసు మార్చుకున్నారు. ఇద్దరికి ఒకే కత్తి కావలసి వచ్చి కాసేపు వాదన నడిచింది.

“గీ బరువుదే నాది. వేరేది ఇస్తే ఉల్లిగడ్డలు నువ్వే కోసుకో ఉస్తాద్,” అన్నాడు నిజామాబాద్ వంటవాడు.

“నీ చెయ్యి చూసి కత్తే భయపడతాంది సామీ!” అన్నారు ఉస్తాద్. అందరూ నవ్వారు. నేను రాసుకుంటూనే ఉన్నాను.

నేను పట్టిక వేసిన తేడాలు లోపాలు కావని ఆ సాయంత్రానికి ఒప్పుకోక తప్పలేదు. పొరపాటు నాదేనని, ఫారం వెనక్కి తీసుకుంటున్నానని కాగితం మీద రాసి, ముదీర్ చేతికి స్వయంగా ఇచ్చాను. ఆయన రెండుసార్లు చదివారు. “కత్తులూ ఉంటాయి, ఉస్తాదూ ఉంటాడు. ఖలాస్,” అన్నారు.

ఆ తరువాత ఉస్తాద్ రెండేళ్లకు పైగా అక్కడే పనిచేశారు. ఆ ఆరు కత్తులనూ ఆరు చేతులకు తగినట్టు ఆరు విధాలుగా నూరారు. ఆ ఫారం సంగతి తీసి నన్ను ఒక్కసారీ ఎత్తిపొడవలేదు. కొత్త సరుకు వస్తే నేనిప్పుడు ముందు వాడి చూస్తాను, తరువాత కొలుస్తాను. ఆ అలవాటు ఆయన పెట్టినదే.

అయితే వార్త విన్నప్పటి నుంచి నాకు గుర్తొస్తున్నది, ఆయన పని పోలేదన్న ముదీర్ మాట చెప్పడానికి నేను సాన బల్ల దగ్గరికి వెళ్లిన ఆ నిమిషం. “సరేలేప్పా,” అన్నారు, అంతే. రాయి తడపడానికి నీళ్ల మగ్గు ఎత్తారు. ఏ కత్తి దగ్గరా గురి తప్పని మనిషి. నీళ్లు రాయి తప్పి, బల్ల మీదుగా కారి, ఆయన పాదాల మీద పడుతున్నాయి. ఆయన మగ్గు వంచి పట్టుకొని అలాగే నిలబడ్డారు.