మందు అన్న మాట

రాజరాజేశ్వరికి పిల్లల్ని తెచ్చే తల్లిదండ్రులంటే ఒళ్లు మంట. సిద్దిపేట నుంచి వచ్చి గచ్చిబౌలిలోని ఒక పిల్లల ఆసుపత్రిలో పంతొమ్మిదేళ్లుగా నర్సుగా చేస్తోంది. కూల్‌డ్రింకు సీసాలో యాసిడ్ పోసిపెట్టిన తల్లుల్ని, దిండు కింద బీపీ మాత్రలు పెట్టుకున్న తాతల్ని చూసింది. చూసిన ప్రతిసారీ కడిగి పారేసింది. పైవాళ్లకు ఫిర్యాదులు వెళ్లినా ఖాతరు చేయలేదు. పిల్లల దగ్గర మాత్రం ఆవిడంత మెత్తని మనిషి ఉండదు.

ఆ ఆదివారం పొద్దున సుష్మ, మధుసూదన్ నాలుగేళ్ల కూతురు రసజ్ఞను ఎత్తుకుని తెల్లాపూర్ నుంచి పరుగున వచ్చారు. కడప వాళ్లు, ఇద్దరివీ సాఫ్ట్‌వేర్ ఉద్యోగాలు. పిల్ల ఆగకుండా దగ్గుతోంది. నోట్లోంచి కిరోసిన్ వాసన వస్తోంది.

"ఏం తాగింది?"

"దోమల మందు మేడం. ప్లగ్గుకు పెట్టేది. వత్తి పీకి తాగేసింది" అంది సుష్మ.

"ఉప్పునీళ్లు తాపి కక్కిచ్చినాం" అన్నాడు మధుసూదన్, ఏదో ఘనకార్యం చేసినట్టు.

రాజరాజేశ్వరికి నషాళానికంటింది. "ఎవరు కక్కియ్యమన్నరు? గసుంటిది కక్కేటప్పుడే ఊపిరితిత్తులల్లకు పోతది! పొద్దుందాక ఫోన్లు చూస్తరు, గింత తెల్వదా?"

పిల్లకు ఆక్సిజన్ పెట్టారు, ఎక్స్‌రే తీశారు. సాయంత్రం దాకా ఏమీ చెప్పలేమన్నాడు డాక్టరు.

సుష్మ ఏడుస్తూనే తిరగబడింది. "మేమేం గాలికి వదిలేయలేదు. అది మందు, ముట్టుకోవద్దు అని రోజూ చెప్తానే ఉన్నాం. మా పనామె కింద పెట్టి పోయింది."

"బిడ్డ మీదా, పనామెదా? తాళమేసి పెట్టనీకి ఏమైంది?"

"మాట్లాడేది నేర్చుకోండి. మీ మీద కంప్లైంట్ ఇస్తా" అన్నాడు మధుసూదన్.

"ఇయ్యుండ్రి. ముందు బిడ్డను బతకనియ్యుండ్రి."

మళ్లీ వాళ్లతో మాట్లాడలేదు. ఎదురుపడినప్పుడల్లా కొరకొరా చూసింది. గంటకోసారి మాత్రం వచ్చి పిల్ల రొమ్ము మీద చెయ్యి వేసి ఊపిరి చూసుకుంది.

సాయంత్రానికి గండం గడిచిందన్నాడు డాక్టరు. కాస్త జ్వరం ఉంది, సిరప్ ఇవ్వమన్నాడు. రాజరాజేశ్వరి గుండెల నిండా ఊపిరి పీల్చుకుంది, కోపం మాత్రం దిగలేదు. సిరప్ మూతలో పోసుకొచ్చి, వాళ్లిద్దరూ వినాలనే గట్టిగా అడిగింది.

"ఎందుకు తాగినవ్ బిడ్డా? అమ్మ మందని చెప్పలేదా?"

"చెప్పింది. మందు అని. అందుకే తాగినా" అంది రసజ్ఞ. "మందు తాగితే మంచి పిల్ల."

"అట్లని ఎవరన్నరు?" అంటూ రాజరాజేశ్వరి సుష్మ వైపు తిరిగింది. నాలుగు దులపడానికి నోరు తెరిచింది కూడా.

"నువ్వే. పోయినసారి జ్వరమొచ్చినప్పుడు" అంది పిల్ల.

ఆవిడకు ఈ పిల్ల గుర్తు లేదు. రోజుకు ఇరవై మందికి ఆ మాటే చెబుతుంది. మొగుడూ పెళ్లాలు ఆవిడ మొహంలోకే చూస్తున్నారు. పొద్దుటి నుంచి వాళ్లను అన్న మాటలన్నీ తనకూ తగిలాయి. సిరప్ చేతిలోనే ఉంది. ఏమని చెప్పి తాగించాలో ఆవిడకు తోచలేదు.