ఒక్కపోటు బియ్యం

ఆస్పత్రిలో వంట చేస్తాడని మా అగ్రహారంలో నన్ను పంక్తికి ఒక చివర కూర్చోబెట్టేవారు. కూర్చోబెడితే కూర్చోబెట్టారు, నాకేం. వేదం సగంలో వదిలేసి కోనసీమ నుంచి వచ్చేసినవాణ్ణి, చేతనైంది గరిటె ఒక్కటే. గోదావరి మీద రైలు వంతెనకి స్తంభాలు లేస్తున్న రోజులవి. బ్రాహ్మణ వంటవాడుంటే అన్ని కులాలవాళ్ళూ తింటారని రాజమండ్రిలో ఏటి ఒడ్డునున్న ఒక చిన్న ఆస్పత్రిలో నన్ను పెట్టుకున్నారు. పొయ్యి దగ్గర నాకెవరూ చెప్పకూడదు. చెబితే గరిటె కింద పెట్టేసేవాణ్ణి. ఆ కోపం ఇప్పటికీ పోలేదు.

అక్కడి డాక్టరుగారు మన తెలుగాయనే, చెన్నపట్నంలో చదువుకొచ్చారు. ఆయన పైన పెద్ద దొర ఉండేవాడు. నెలకోసారి గుర్రబ్బండిలో వచ్చి, ముక్కుకి రుమాలు అడ్డం పెట్టుకుని, అంతా చూసి పోయేవాడు. ఆ ఏడు కాళ్ళు ఉబ్బి వచ్చే రోగులు ఎక్కువయ్యారు. ముందు అరికాళ్ళు మొద్దుబారతాయి, తరవాత పిక్కలు ఉబ్బుతాయి, చివరికి ఆయాసం పుట్టి గుండె ఆగిపోతుంది. ఇంగ్లీషువాళ్ళు బెరిబెరి అనేవారు, మేం ఉబ్బు జబ్బు అనేవాళ్ళం. తడినేల వల్ల వస్తుందని దొర అభిప్రాయం. డాక్టరుగారికి మాత్రం బియ్యం మీద అనుమానం.

ఒక పొద్దున ఆయన వంటింటి గుమ్మం బయటే నిలబడి చెప్పారు.

“ఇవాళ్టినుంచి రెండు ఎసర్లు పెట్టాలండి. తూర్పుగోడ వైపు మంచాలవాళ్ళకి ఒక్కపోటు బియ్యం. పడమటి గోడ వైపు వాళ్ళకి మామూలుగా మూడు పోట్ల తెల్లబియ్యం. పప్పు, పులుసు, మజ్జిగ అందరికీ ఒకటే. అన్నం తప్ప ఇంకేదీ మారకూడదు.”

ఒక్కపోటు అంటే ధాన్యాన్ని రోట్లో ఒక్కసారే దంచి వదిలేయడం. ఊక పోతుంది గాని ఎర్రటి తవుడు గింజని అంటుకునే ఉంటుంది. మూడుసార్లు దంచి చెరిగితేనే మల్లెపువ్వుల్లాంటి బియ్యం వస్తాయి. కాస్త కలిగిన ఇళ్ళలో అవే తింటారు.

“తవుడు గేదెలకి పెడతామండి, మనుషులకి కాదు,” అన్నాను.

“గేదెలకి ఈ జబ్బు రావడం ఎప్పుడైనా చూశారా మీరు?” అని నవ్వి వెళ్ళిపోయారు. నాకు ఒళ్ళు మండింది. అయినా రెండు ఎసర్లూ పెట్టాను.

రోగులు వచ్చిన వరసలో ఒకరిని తూర్పుకి, ఆ తరవాతి మనిషిని పడమటికి వేసేవారు. ఎంతటివారు చెప్పినా ఆ వరస తప్పనిచ్చేవారు కాదు. రోజూ పొద్దున్నే డాక్టరుగారు ఒక్కొక్కరి కాలెముక మీద బొటనవేలితో నొక్కి, ఆ గుంట ఎంతసేపటికి పూడుతుందో లెక్కపెట్టేవారు. కోడి ఈకతో అరికాలు రాసి, “తెలుస్తోందా?” అని అడిగేవారు. గొంతుక్కూర్చుని చేతులు ఆన్చకుండా లేవమనేవారు. అంతా ఒక పుస్తకంలో రాసుకుని, చివర నన్ను పిలిచి ఎవరు ఎంత తిన్నారో అడిగేవారు. నా మాట కూడా ఆ పుస్తకంలోకి ఎక్కేది. నిజం చెప్పొద్దూ, అది నాకు కాస్త గర్వంగానే ఉండేది.

తూర్పు వరసలో నరసాపురం వైపు నుంచి వచ్చిన, చేపలు పట్టే ఒక పల్లెకారాయన ఉండేవాడు. వచ్చినప్పుడు ఇద్దరు పట్టుకుంటేగాని నిలబడలేకపోయాడు. ఎర్రన్నం రెండుసార్లు మారు అడిగి తినేవాడు. “మా ఇంట్లో ఎప్పుడూ ఇదేనండి. ఈ మధ్యే కొట్లో తెల్లబియ్యం అలవాటైందండి,” అన్నాడు. నెల తిరక్కుండా ఎవరి చెయ్యీ పట్టుకోకుండా గొంతుక్కూర్చుని లేచాడు. పడమటి వరసలో ఇద్దరు పోయారు. డాక్టరుగారు ఆ పుస్తకం చంకలోంచి దింపడం మానేశారు.

అప్పుడే మా అక్క మా బావగారిని కాలవ పడవలో తీసుకొచ్చింది. ఆయన మా ఊళ్ళో పంచాంగం చెప్పి, పెళ్ళిళ్ళు చేయించే మనిషి. కాళ్ళు తిమ్మిరెక్కుతుంటే ఊళ్ళో వైద్యుడు పత్యం పెట్టాడట. తెల్లటి పాతబియ్యం అన్నం, మిరియాల చారు, అంతే. పప్పు కూడా వద్దన్నాడట. అక్క రెండు నెలలు మడి కట్టుకుని అదే వండిపెట్టింది. ఆయన పడవ దిగలేకపోతే నేనే ఎత్తి దింపాను.

వరసలో ఆయన వంతు తూర్పుగోడ వైపు వచ్చింది. ఇంటల్లుడికి నా చేత్తో తవుడన్నం పెట్టడమా? పడమటికి మార్చమని డాక్టరుగారిని బతిమాలాను. “మార్చను. మీ మేలు కోరే మార్చను,” అన్నారు. నలుగురి కంట పడుతూ ఆయన భోంచేయరని చెబితే, మంచం చుట్టూ తెర కట్టుకోడానికి మాత్రం ఒప్పుకున్నారు.

మొదటిరోజు విస్తరి చూసి బావగారు, “ఏవోయ్ బావమరిదీ, మీ అక్క పుట్టింటివాళ్ళు నాకు బాకీ ఉన్న మర్యాదలన్నీ ఇవాళ తీర్చేశావు,” అన్నారు. వేళాకోళమే. కానీ కళ్ళలో నవ్వు లేదు. నాలుగు ముద్దలు తిని చెయ్యి కడిగేశారు. తరవాత మెల్లగా సగం విస్తరి తినేవారు. పది రోజులకి కాలి మీద గుంట తొందరగా పూడుతోందని డాక్టరుగారు నాకు చూపించారు. అది సీసాలో ఇచ్చే మందు గుణం అనుకున్నాను. అన్నం సంగతి నా బుర్రకి తట్టలేదు.

నా భార్య ఏనాడో పోయింది. అక్క నా ఇంట్లోనే దిగి, రోజూ ఆస్పత్రి పెరటి గుమ్మం దగ్గరికి వచ్చి కూర్చునేది. ఒకరోజు, “ఇవాళేం తిన్నారురా?” అని అడిగింది. సగం విస్తరి వదిలేశారన్నాను. అక్క ఏడవలేదు. గోడకేసి చూస్తూ చెప్పింది.

“అమ్మ ఉంటే ఆ అన్నం పెట్టనిచ్చేదా, తమ్ముడూ? జబ్బుమనిషి. ఆ మోటుబియ్యం గొంతులో ఎలా దిగుతాయిరా? నువ్వు వంటింట్లో ఉండి కూడా నా మొగుణ్ణి పస్తులు పెడుతున్నావు.”

మర్నాడు అక్క తనే బియ్యం దంచి తెచ్చింది. మూడు పోట్లు కాదు, నాలుగు వేసుంటుంది. ఒక్క నూక లేదు. నేను వాటిని వేరే చిన్న గిన్నెలో వండి, విస్తట్లో పెట్టి, పైన పప్పు కప్పి తెర లోపలికి తీసుకెళ్ళాను. బావగారు పప్పు పక్కకి జరిపి చూశారు. విస్తరి ఖాళీ చేశారు. ఆయన ముఖంలో తృప్తి చూసి నాకు ప్రాణం లేచొచ్చింది.

“మీ బావగారు తింటున్నారా?” అని డాక్టరుగారు అడిగారు.

“తింటున్నారండి. మొత్తం తింటున్నారు,” అన్నాను. ఆయన సంతోషంగా రాసుకున్నారు.

అలా పదకొండు రోజులు జరిగింది. ఆరోరోజుకే గుంట మళ్ళీ పూడకుండా నిలిచింది. నేను చూశాను. చూసి, జబ్బు ముదురుతోంది కాబట్టి ఇంకాస్త మంచి తిండి పెట్టాలనుకున్నాను. నెయ్యి ఎక్కువ వేశాను. పన్నెండోరోజు పొద్దున బావగారు లేచి కూర్చుని, “ఊపిరాడటం లేదు, ఆ తెర తియ్యి,” అన్నారు. తీశాను. మంచినీళ్ళు అడిగారు. చెంబు తెచ్చేలోపల పోయారు.

నాకు ఏడుపు రాలేదు. చెంబు పట్టుకుని అలాగే నిలబడ్డాను. డాక్టరుగారు వచ్చి చెయ్యి పట్టుకు చూశారు, గుండె మీద చెవి పెట్టారు. తరవాత నన్ను పక్కకి తీసుకెళ్ళి అడిగారు.

“నిజం చెప్పండి. రోజూ ఆ అన్నమే తిన్నారా?”

పెరటి గుమ్మం దగ్గర అక్క కూర్చుని ఉంది. ఇంకా తెలీదు.

“అదేనండి,” అన్నాను.

దొర ఆ వారమే వచ్చాడు. పుస్తకం తెరిచి బావగారి పేరు మీద వేలు పెట్టాడు. తూర్పు వరసలో, అదీ మొదట్లో కోలుకుంటున్నాడని రాసిన మనిషే పోతే, బియ్యంలో ఏముందని అడిగాడు. డాక్టరుగారు ఏదో చెప్పబోయారు. దొర వినలేదు. నేల తవ్వించి ఇసక పోయించమన్నాడు, గోడలకి సున్నం కొట్టించమన్నాడు, అందరికీ ఒకటే బియ్యం పెట్టమన్నాడు. తెల్లబియ్యం. మర్నాటినుంచి ఒక్క ఎసరే పెట్టాను. ఆ ఏడు ఆ గదిలోంచి నడిచి వెళ్ళినవాళ్ళ కంటే మోసుకెళ్ళినవాళ్ళే ఎక్కువ. అందరికీ వడ్డించింది నేనే. కొన్నాళ్ళకి వాళ్ళ ముఖాలు చూడటం మానేశాను, విస్తరి చూసేవాణ్ణి, అంతే. డాక్టరుగారిని మరో ఊరికి మార్చేశారు.

అక్క తల తీయించుకుని నా ఇంట్లోనే ఉండిపోయింది.

పదేళ్ళు గడిచాయి. వంతెన మీద రైళ్ళు తిరుగుతున్నాయి. నేను ఆస్పత్రి మానేసి, పెళ్ళిళ్ళకి వంటలు చేసుకుంటున్నాను. ఒక మధ్యాహ్నం డాక్టరుగారు మా ఇంటికి వచ్చారు. జుట్టు నెరిసింది, ఉద్యోగం అయిపోయిందట. అరుగు మీద కూర్చోబెట్టాను. అక్క పెరట్లో ఉంది.

“తెలిసిందా మీకు?” అన్నారు. “బయటి దేశాల్లో తేల్చేశారు. బియ్యమేనట. ఆ తవుడు పోవడం వల్లేనట ఆ జబ్బు. అంతా మన చేతిలోకి వచ్చిందండి, ఇక్కడే, ఆ రెండు వరసల్లో. మీ బావగారి ఒక్కరి దగ్గరే లెక్క తప్పింది. అందరూ బతికిన వరసలో ఆయనొక్కరే ఎందుకు పోయారో ఇప్పటికీ నాకు అంతు పట్టలేదు. అది అడుగుదామనే వచ్చాను. మీకేమైనా గుర్తుందా?”

చెబుదామనే నోరు తెరిచాను. ఈసారి నిజంగానే చెప్పేవాణ్ణి.

అంతలో అక్క మజ్జిగ గ్లాసు తెచ్చి తలుపు వెనక నిలబడింది. బావగారి మాట ఒక్కటే చెవిన పడినట్టుంది.

“మీరు ఏమీ అనుకోకండి, బాబూ. ఇప్పుడు చెబితే తప్పు లేదు,” అంది. “మావాడు ఆయన చేత ఆ మోటుబియ్యం తినిపించలేదండి. నేను దంచి తెస్తే మీకు తెలీకుండా తెల్లన్నం వండి పెట్టాడు. పోయేముందు పదకొండు రోజులు కడుపునిండా తిన్నారండి ఆయన. ఆ ఒక్కటీ తలుచుకునే నేను బతుకుతున్నాను.”

డాక్టరుగారు నా వైపు చూశారు, తరవాత తలుపు వైపు చూశారు. మజ్జిగ తాగి, గ్లాసు కింద పెట్టి, లేచి నిలబడి, అక్కకి రెండు చేతులూ జోడించారు.

“మంచిపని చేశారమ్మా,” అన్నారు.

నాతో ఒక్క మాట కూడా మాట్లాడకుండా వీధిలోకి దిగారు. ఆయన మలుపు తిరిగేదాకా అక్క గుమ్మంలోకి వచ్చి చూసింది.

“చూశావురా, అంత చదువుకున్నాయనే మెచ్చుకున్నారు,” అంది.

“అవునక్కా,” అన్నాను.